బొమ్మ వెనక నాలుగో వరుస

ప్రింటరులోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది. కొంచెం కాలిన వాసన కూడా వేస్తుంది. మొన్న మధ్యాహ్నం లిప్సా అనే మా విద్యార్థిని అలాంటి కాగితం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. కంప్యూటరులో పుట్టించిన గెలాక్సీ బొమ్మ అది. నడిమధ్య పసుపు, చుట్టూ నారింజ, అంచుల్లో నీలం. పదిహేను రోజులుగా కుస్తీ పడుతున్న పని కొలిక్కి వచ్చిందని ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేను మాత్రం బొమ్మను సరిగా చూడనైనా చూడకుండా కాగితాన్ని వెనక్కి తిప్పాను. తెల్లగా ఉంది. "వెనకేముంది మాడామ్?" అని ఒడియాలో అడిగింది. "ఏమీ లేదు" అనేసి నాలుక కరుచుకున్నాను. ఈ గదిలో నేను అనకూడని మాట అదొక్కటే. ఎందుకో చెప్పాలంటే సుభద్ర మేడమ్ గురించి చెప్పాలి.

ఈ గది అంటే బరంపురంలో మా కాలేజీ కంప్యూటరు గది. పన్నెండేళ్ళ కిందట నేను ఇక్కడ విద్యార్థిని, ఆవిడ ఫిజిక్స్ లెక్చరరు. వాళ్ళది బడా బజార్‌లో పట్టుచీరల దుకాణం. తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడేవారు. కంప్యూటరు గదిలోకి అడుగుపెడితే మాత్రం నాలాంటి తెలుగు పిల్లలతో ఇంటి భాషే. పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, మోకాళ్ళ నొప్పికి రబ్బరు చెప్పులు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. ఆవిడ పొగడగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. "ఊఁ" అంటే బాగున్నట్టు. ఏమీ అనకపోతే ఇంకా బాగున్నట్టు. నోరు విప్పారంటే మన పని పట్టినట్టే.

గదిలో ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉండేవి. ప్రింటరు పక్కన గోడకి మేకు కొట్టి, దానికి పట్టుదారంతో ఒక పెన్సిలు కట్టి ఉంచేవారు. ఎవరూ జేబులో వేసుకుని పోకుండా ఆ కట్టు. ఆ గదిలో ఏ బొమ్మ ప్రింటు తీసినా ముందు వెనక్కి తిప్పి ఆ పెన్సిలుతో నాలుగు వరుసలు రాయాలి. బొమ్మ ఎంత వెడల్పు. అన్నిటికంటే ఎక్కువ ఎంత. అన్నిటికంటే తక్కువ ఎంత. తీసేసినది ఏమిటి. ఈ నాలుగూ లేకపోతే ఆవిడ బొమ్మ ముఖం చూడరు. మొదటి రోజు నాకు ఈ సంగతి తెలియక, రంగురంగుల గ్రాఫు ఒకటి పట్టుకెళ్ళి గర్వంగా ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ తిప్పి చూసి నాకే తిరిగి ఇచ్చేశారు.

"ఎనకాల ఏటీ నేదేటే?"

"బొమ్మ ముందేపుంది మేడమ్."

"నానేటి గుడ్డిదాన్నా? మా కొట్టుకి రా ఒకపాలి, సెప్తాను."

నిజంగానే ఆ శనివారం వెళ్ళాను. మేడమ్ తమ్ముడు గద్దె మీద కూర్చుని ఎవరికో చీరలు పరుస్తున్నాడు. మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చీర అంచు పట్టుకుని తిరగేశారు. వెనక వైపు దారాలు ఎక్కడ తెగాయో, ఎక్కడ ముడి వేశారో, ఎక్కడ నేతగాడు విసుగెత్తి పోగులు వదిలేశాడో అన్నీ కనిపిస్తున్నాయి. ముందు వైపు అవేవీ లేవు. "ముందేపు అమ్మినోడి కోసరం, ఎనకేపు కొన్నోడి కోసరం," అన్నారు. "నువ్వు బొమ్మ అమ్ముతున్నావా, కొంటున్నావా?" నాకప్పుడు ఇరవై ఒకటి. బొమ్మ అందంగా వస్తే చాలదా అనుకునే వయసు. దానికి తోడు నాకు పుట్టుకతోనే తొందర ఎక్కువ. రాయమన్నది రాసేదాన్ని గానీ, గేటు దగ్గర సంతకం పెట్టినట్టు రాసేదాన్ని.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. మాది హుమ్మకి అవతల సముద్రపు ఒడ్డు పల్లె. తెలుగు చేపల వాళ్ళం. మా నాన్న ఏడాదిలో ఎనిమిది నెలలు దక్షిణాన ఎవరి బోట్ల మీదో పనికి పోయేవాడు. ఇల్లు నడిపింది మా అమ్మ. ఒడ్డున చేపలు కొని, ఏరి, ఐసులో పెట్టి పంపేది. నేను రోజూ పొద్దున్నే హుమ్మలో బస్సెక్కి, రోడ్డు పక్క ఉప్పు కుప్పలు చూసుకుంటూ బరంపురం వచ్చేదాన్ని. ఎమ్మెస్సీ అయ్యాక ఒక్క ఏడాది టైమిచ్చింది మా అమ్మ. ఆ ఏడాదిలో ఎక్కడైనా పరిశోధనలో సీటు వస్తే సరే. రాకపోతే మా మావయ్య చూసిపెట్టిన ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాలి. అమ్మను తప్పు పట్టను. నా కింద ఇంకా ఇద్దరు చదువుకునేవాళ్ళు ఉన్నారు.

ఆ ఏడాది నేను ఎత్తుకున్న పని ఇది. పెద్ద పెద్ద కంప్యూటర్లలో విశ్వాన్ని మళ్ళీ పుట్టించి చూసే వాళ్ళుంటారు. గురుత్వాకర్షణ, వాయువు, నక్షత్రాలు, అన్నీ సమీకరణాల్లో పెట్టి కోట్ల ఏళ్ళు నడిపిస్తారు. అలాంటి ఒక బృందం తమ ఫలితాలను ఎవరైనా వాడుకోవచ్చని బయట పెట్టింది. ఫైలు దిగడానికే మా కాలేజీ నెట్‌లో పదకొండు రోజులు పట్టింది. ఆ ఫైల్లో విశ్వాన్ని గదులుగా విభజించి ఉంచారు. వాయువు పలచగా ఉన్నచోట పెద్ద గదులు. చిక్కగా ఉన్నచోట గదిని ఎనిమిది ముక్కలు, ఆ ముక్కను మళ్ళీ ఎనిమిది ముక్కలు చేస్తూ పోతారు. అంటే చిన్న గది ఎక్కడుందో అసలు కథ అక్కడుందన్నమాట. ఈ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా రాస్తున్నానో! అప్పుడూ నాకు తెలుసు. తెలిసే ఆ పని చేశాను.

ఒకే ఫైలు నుంచి మూడు బొమ్మలు గీయాలి. మొదటిది మొత్తం పెట్టె. రెండోది అందులో ఒక గెలాక్సీల గుంపు. మూడోది ఆ గుంపులో ఒక్క గెలాక్సీ. మా కంప్యూటరుకి అంత శక్తి లేదు. మొదటి బొమ్మకే ముప్పావుగంట పట్టేది, అది కూడా మధ్యలో చచ్చిపోకపోతే. నేను ఆలోచించాను. మొత్తం పెట్టెను కాగితమంత బొమ్మగా గీసినప్పుడు అతి చిన్న గదులు ఒక చుక్కలో వందోవంతు కూడా ఉండవు. కంటికే కనిపించనివి ఎందుకు? ఒక కొలత పెట్టి, అంతకంటే చిన్న గదులన్నీ తీసేసి వేరే ఫైలుగా దాచుకున్నాను. బొమ్మ నాలుగు నిమిషాల్లో వచ్చింది. చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ రోజు నుంచి అన్నిటికీ ఆ చిన్న ఫైలే వాడాను. రెండు వారాలు గడిచేసరికి అది తగ్గించిన ఫైలన్న సంగతే మర్చిపోయాను.

మూడో బొమ్మ గీసినప్పుడు గెలాక్సీ నడిమధ్య గుండ్రటి చీకటి కనిపించింది. చుట్టూ వాయువు మెరుస్తోంది, మధ్యలో మాత్రం ఖాళీ. గెలాక్సీ నడుమ ఉండే కృష్ణబిలం ఒక్కోసారి తన చుట్టూ ఉన్న వాయువును ఊదేసి ఖాళీ చేస్తుందని చదివాను. అది నాకు దొరికిందనుకున్నాను. అంచులు కొంచెం గరుకుగా ఉంటే ప్రోగ్రాములో నునుపు చేసే సదుపాయం పెట్టి గుండ్రంగా చేశాను. మేడమ్ అప్పుడు పరీక్షల డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నారు. ఆవిడ వచ్చేదాకా ఆగలేక, దూరపు నగరంలోని ఒక పరిశోధన సంస్థకు ఆ బొమ్మ జతచేసి దరఖాస్తు పంపేశాను. మూడు వారాల్లో పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకి రండి, ఆ ఖాళీ గురించే పావుగంట మాట్లాడండి అని రాశారు. అమ్మకి ఫోను చేసి చెబితే పక్కనున్న వాళ్ళందరికీ అరిచి చెప్పింది.

ఇంటర్వ్యూకి తొమ్మిది రోజులుందనగా మేడమ్ వచ్చారు. మూడు బొమ్మలూ ప్రింటు తీసి, వెనక నాలుగేసి వరుసలు రాసి ఇచ్చాను. తీసేసినది ఏమిటి అన్నచోట మూడింటి వెనకా "ఏమీ లేదు" అని రాశాను. ఆవిడ వెనక చదివి, ముందు చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. ఇంకేం, చాలా బాగున్నట్టే అనుకున్నాను.

"మూడిట్లోనూ రంగులు ఏటికవే మారిపోతున్నాయి. మూడిటికీ రంగుల కొలత ఒకటే పెట్టి గియ్యి," అన్నారు. గీశాను. చీకటి ఇంకా నల్లబడింది.

"ఆ నునుపు తీసీ."

తీశాను. గుండ్రటి ఖాళీ పోయింది. అంచులు మెట్లు మెట్లుగా, మూలలు కోసినట్టుగా నిలబడ్డాయి. మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని తెరకి దగ్గరగా వంగారు.

"మీ హుమ్మలో ఉప్పుమళ్ళు ఎలగుంటాయే?"

"నాలుగు పలకలుగా మేడమ్."

"ఆటిని సముద్రం తవ్విందా?"

"నేదు, మనుసులు తవ్వారు."

"మరి దీన్నెవులు తవ్వారు?"

నాకు కోపం వచ్చింది. కృష్ణబిలం ఊదితే ఆకారం ఎలా ఉంటుందో మనకేం తెలుసని వాదించాను. ఆవిడ వాదించలేదు. "ముందు తెలిసినదాన్ని గియ్యి" అన్నారు. అది ఆవిడ రెండో అలవాటు. జవాబు ముందే తెలిసిన వస్తువు ఒకటి తయారుచేసి, అదే ప్రోగ్రాముకి ఇచ్చి చూడాలి. మధ్యలో ఖాళీ లేని ఒక వాయువు బంతిని అంకెల్లో తయారుచేసి గీశాను. బంతి నిండుగా వచ్చింది. ఎక్కడా కన్నం లేదు. "సూసారా మేడమ్, నా ప్రోగ్రాం సరిగ్గానే ఉంది!" అని ఇంచుమించు గెంతాను. అంతకంటే సంతోషంగా ఆ గదిలో నేనెప్పుడూ లేను.

"ఊఁ. గీత సరిగ్గానే ఉంది," అన్నారు మేడమ్. "సరుకు సూడాల. నీ బొమ్మలో వాయువంతా కూడు. ఆ ఫైలుతోటి ఆలిచ్చిన పట్టీలో ఈ గెలాక్సీ బరువెంతని రాసారో, దానితోటి సరిపోల్చు."

కూడాను. సగానికి సగం లేదు. కూడిక తప్పేమోనని మళ్ళీ కూడాను. అంతే వచ్చింది. ఏ కృష్ణబిలం ఊదినా వాయువు పక్కకి జరుగుతుంది గానీ మాయమైపోదు కదా. అప్పుడు గుర్తొచ్చింది, ఫైలు పేరు చివర, ఇది తగ్గించినదని నేనే పెట్టుకున్న గుర్తు.

"ఏటి తీసీసావే?"

"ఏటీ నేదు మేడమ్..." అన్నాను. నిజంగా అదే నా నోట్లోంచి వచ్చింది. "సిన్నవే."

ఆవిడ కళ్ళద్దాలు తీసి నా ముఖంలోకి చూశారు. "సిన్నవే, ఏటీ నేదు. రెండూ నువ్వే అన్నావు."

ఇక్కడ మా పల్లె గురించి ఒక మాట చెప్పకపోతే నేను అబద్ధాలకోరునని అనుకుంటారు. ఒడ్డున వల విప్పగానే మా అమ్మలాంటి వాళ్ళు ముందుగా చేసే పని చిన్నవాటిని ఏరి పక్కకి పడేయడం. పెద్దవి ఐసు పెట్టెలోకి పోతాయి. చిన్నవి ఇసక మీద ఒక కుప్ప. ఆ కుప్ప ఎంత పెద్దదైనా సరే, పడవలో పెద్ద చేప లేకపోతే, ఏం పడిందని ఎవరైనా అడిగితే ఒడ్డంతా ఒకే జవాబు, "ఏటీ నేదు." అది మాకు అబద్ధం కాదు. చిన్నవి చేపల కిందికి రావు. నేను ఐదేళ్ళప్పటి నుంచి ఆ కుప్ప పక్కన కూర్చుని ఏరినదాన్ని. చిన్న గదులు తీసేసి, వెనక "ఏమీ లేదు" అని రాసినప్పుడు నా మనసులో దాపరికం అన్నది లేదు. తీసేశానని తోచనే లేదు. దాపరికం ఉంటే బాగుండేది, ఎక్కడో ఒకచోట పట్టుబడేదాన్ని. ఇదంతా మేడమ్‌కి చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఇంటర్వ్యూ, అమ్మ, ఐసు ఫ్యాక్టరీ, అన్నీ కలిపి చెప్పేశాను.

అసలు ఫైలుతో మూడో బొమ్మ గీయమన్నారు. ముప్పావుగంట ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. బొమ్మ వచ్చింది. నడిమధ్య ఖాళీ లేదు, చీకటి లేదు. అన్నిటికంటే ఎక్కువగా మెరుస్తున్నది అక్కడే. అందరికీ తెలిసిన మామూలు గెలాక్సీ.

"ఆలు నిన్ను పిలిసింది కన్నం కోసరం," అన్నారు మేడమ్. "కన్నం నేదు. ఎల్తావా, మానీస్తావా?"

"ఎల్లి ఏటి సెప్పను? ఒకేళ ఆలకి తెలీదేమో కదా మేడమ్..."

"తెలీకపోవొచ్చు. దాసడానికైతే నాను సాయం సెయ్యను. సెప్పడానికైతే సేస్తాను. ఈ రెండిట్లో ఏటి కావాలో నువ్వే సూసుకో." అంటూ పాత బొమ్మను, కన్నం ఉన్నదాన్ని, నా వైపు జరిపారు. "దీన్నేటి సెయ్యమంటావు? సింపీమంటావా?"

చింపేయమనడానికి నోరు తెరిచాను. అదే సులువు. కానీ ఎందుకో దాన్ని వెనక్కి తిప్పాను. దారం చివర పెన్సిలు లాక్కుని, నాలుగో వరుసలో "ఏమీ లేదు" మీద గీత కొట్టి, పక్కన "చిన్న గదులన్నీ. నేనే తీశాను" అని రాసి ఆవిడ బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఆవిడ పిలవలేదు. నేనూ వెనక్కి చూడలేదు. బస్సులో హుమ్మ దాకా ఆవిడ మీద కోపంతో ఉడికిపోయాను. ఆవిడ ఇంకో పది రోజులు పరీక్షల డ్యూటీలోనే ఉండిపోతే ఏం పోయిందని అనుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ చిన్నచేపల పులుసు వండింది. మా ఇంట్లో రోజూ వండేది అదే. పెద్దవి అమ్మకానికి కదా. జరిగింది అమ్మకి అర్థమయ్యేలా చెప్పాను. గెలాక్సీ సంగతి ఆవిడకి పట్టలేదు గానీ చిన్నవి ఏరి పారేశానన్నది పట్టింది. "సిన్నవి ఏటీ కావని ఎవులన్నారే?" అంది గరిటె ఎత్తి. "నివ్వు ఎదిగినది ఆటితోటే కాదేటి?" నువ్వే అన్నావు, రోజూ ఒడ్డున అంటావు అని అనబోయాను. కంచంలో మిగిలినదంతా తిన్నాను.

తర్వాత వారం రోజులూ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ముఖం మాడ్చుకునే వెళ్ళాను. ఆవిడ పట్టించుకోకుండా నా చేత పావుగంట ప్రసంగాన్ని ఇరవైసార్లు చెప్పించారు. తప్పు ఎలా జరిగిందో మూడు నిమిషాలు, ఎలా దొరికిందో పది నిమిషాలు, క్షమాపణకి అర నిమిషం. "సారీ ఎక్కువైతే ఇనీవోలకి ఇసుగు," అన్నారు. మిగిలినది వాళ్ళ ప్రశ్నలకి. ఇంటర్వ్యూలో అలాగే చెప్పాను. నలుగురు కూర్చున్నారు. ఇద్దరు శ్రద్ధగా విన్నారు, ఒకాయన ఫోను చూసుకున్నాడు, పెద్దావిడ ఒకరు మాత్రం బొమ్మల వెనక వైపు చూపించమని అడిగి చదివించుకున్నారు. సీటు నాకు రాలేదు. కారణం వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు.

ఐసు ఫ్యాక్టరీలో చేరాను. గేటు దగ్గర కూర్చుని వచ్చే లారీల నంబర్లు రాసుకోవడం నా పని. ఆ ఎనిమిది నెలల్లో మేడమ్‌ని ఒక్కసారీ కలవలేదు. బరంపురం వెళ్ళినా కాలేజీ వీధి తప్పించుకుని తిరిగేదాన్ని. నిజం చెప్పించి నా బతుకు ఆవిడ పాడుచేశారని నమ్మాను. ఆవిడకేం, పట్టుచీరల వాళ్ళు, అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఎనిమిదో నెలలో ఇంకో సంస్థలో చిన్న ఉద్యోగానికి పరీక్ష రాశాను. లోపలికి పిలిచి, ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఈ బొమ్మలో తప్పేమిటో గంటలో చెప్పమన్నారు. గెలాక్సీ రెండు ముక్కలై, ఒక సగం కాగితానికి ఎడమ చివర, రెండో సగం కుడి చివర ఉంది. నా పక్కన కూర్చున్న కుర్రాడు రంగులు మారుస్తూ కూర్చున్నాడు. నేను కాగితం అడిగి నాలుగు వరుసలు రాసుకున్నాను. తెలిసిన బంతి ఒకటి తయారుచేసి పెట్టె అంచున పెట్టి గీశాను. బంతి కూడా రెండు ముక్కలైంది. ఆ పెట్టెకి అంచులు లేవు, కుడి నుంచి బయటికి పోయినది ఎడమ నుంచి లోపలికి వస్తుంది, బొమ్మ గీసినవాడు అది మర్చిపోయాడు, అంతే. ఇరవై నిమిషాల్లో చెప్పేశాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. బరంపురంలో అన్నాను. ఆ క్షణంలో మేడమ్ మీద నా కోపమంతా పోయింది. పోయాక మిగిలింది సిగ్గు. ఉద్యోగం వచ్చింది గానీ, ఆ సిగ్గుతోనే ఇంకో మూడేళ్ళు ఆవిడకి ముఖం చూపించలేదు.

మూడేళ్ళకి సెలవుల్లో ధైర్యం చేసి బడా బజార్ వెళ్ళాను. మేడమ్ రిటైరై కొట్టు మీద మేడలో ఉంటున్నారు. మోకాళ్ళు బాగా దెబ్బతిన్నాయి, మెట్లు దిగడం మానేశారు. నన్ను చూసి "ఎప్పుడొచ్చీసినావే?" అన్నారు, నిన్ననే చూసినట్టు. టీ ఇచ్చారు. నా పని గురించి అడిగారు, చెప్పాను, "ఊఁ" అన్నారు. సంజాయిషీ ఎలా మొదలుపెట్టాలో తెలియక గోడల వంక చూస్తుంటే దేవుడి పటాల పక్కన ఒక ఫ్రేము కనిపించింది. అద్దం లోపల బొమ్మ లేదు. పెన్సిలు రాత నాలుగు వరుసలు. లేచి దగ్గరికి వెళ్ళాను. అది నా రాతే. నాలుగో వరుసలో "ఏమీ లేదు" మీద గీత, పక్కన నేను కోపంగా గుచ్చి రాసిన రెండు మాటలు.

"ఇదేటి మేడమ్, నా తప్పుని తీసుకొచ్చి గోడకెక్కించారు?"

"తప్పు గోడేపుంది. ఇటేపున్నది తప్పు కాదు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టారు.

"ముప్పయ్యేళ్ళు ఎంతమందితోటో రాయించాను. నాలుగో వరుసలో అందరూ ఏటీ నేదనే రాసీవోలు. పట్టుకుంటే సింపీసి కొత్తది రాసిచ్చీవోలు. ఉన్నదాని మీద గీత కొట్టి నానే తీసానని రాసినది నువ్వొక్కర్తివే." తర్వాత, ఎక్కువ మాట్లాడేశానని అనుకున్నారేమో, "టీ సల్లారిపోతంది" అన్నారు.

మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఇల్లు సర్దుతూ వాళ్ళ తమ్ముడు ఫోను చేసి, మీ చేతిరాత ఉన్న పటం ఒకటుంది, ఏం చేయమంటారని అడిగాడు. అప్పటికి నేను ఈ కాలేజీకే లెక్చరరుగా వచ్చేశాను. తెచ్చి ప్రింటరు పక్కన, పెన్సిలు పోయి మిగిలిన ఆ పాత మేకుకే తగిలించాను. ఇప్పటి విద్యార్థుల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఏదో మంత్రమనుకుంటారు కాబోలు, ఎవరూ అడగరు. నాలుగు వరుసల సంగతి నేనూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న లిప్సా అడిగింది. వెనకేమీ లేదన్నాక కూడా కాగితం నా చేతిలో తిరగబడే ఉందేమో, ఆ పిల్ల దాన్నీ గోడ మీది ఫ్రేమునీ మార్చి మార్చి చూసి, "అందులో ఏం రాసుంది మాడామ్?" అంది. నాలుగు వరుసలూ ఒడియాలో చదివి చెప్పాను. కొట్టేసిన మాటతో సహా చెప్పాను. అది ఎవరి రాతో కూడా చెప్పాను. లిప్సా నవ్వలేదు. తన కాగితం తీసుకుని, పెన్సిలు అడిగి, బల్ల మీదికి వంగి రాయడం మొదలుపెట్టింది. వెడల్పు రాసింది. ఎక్కువ రాసింది. తక్కువ రాసింది. నాలుగో వరుస దగ్గర పెన్సిలు ఆగింది. తలెత్తి కంప్యూటరు వైపు చూసింది, మళ్ళీ కాగితం వైపు చూసింది. నాకు పుట్టుకతోనే తొందర ఎక్కువ. అయినా ఆ పిల్లను తొందరపెట్టలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.